నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్

కన్నీరు దుఃఖమునకు గుర్తని మనము తలంతుము. ఏడ్పు వచ్చినప్పుడుగాని కంట నీరు చేరదని చాలమంది యనుకొందురు. ఇది సరికాదు. మనము నవ్వుచున్నను, చదువుకొనుచున్నను, ఆటలాడుచున్నను మన కన్నులు ఎల్లవేళల సన్నని నీటిపొరతో తడిసియే యుండును. ఱెప్ప వాల్చి తెఱచిన ప్రతిసారియు ఆ పొర క్రొత్తగా పఱచుకొనును. కంటిగుంటలో పైవైపున, కణతకు దగ్గఱగా, బాదంపప్పును బోలిన చిన్న గ్రంథి యొకటి కలదు. దానికి అశ్రుగ్రంథి యని పేరు. నీరు ముఖ్యముగా అచ్చటినుండియే వచ్చును. కంటిని తడిపిన పిమ్మట అది ముక్కువైపు మూలనున్న సన్నని రంధ్రములగుండ ముక్కులోనికి దిగిపోవును. వెక్కివెక్కి యేడ్చువారికి ముక్కు కూడ కాఱుట యందువలననే.

కన్నీరు ఉత్త నీరు కాదు. గాలికి త్వరగా ఎండిపోకుండ దానిపైన మిక్కిలి పలుచని నూనెపూత యుండును. కంటికి అంటి నిలుచునట్లు అందు జిగురు కలిసియుండును. క్రిములను చంపు పదార్థము కూడ అందు కలదు. ఆ పదార్థమును 1922లో లోకమునకు తెలిపినవాడు అలెగ్జాండర్ ఫ్లెమింగ్. పెనిసిలిన్ ఆయన చేతికి చిక్కుటకు ముందటి మాట యిది.

ఇట్టి నీరు ఎండిపోయినచో కన్ను ఏమగును? అది ఎండిపోవుటకును, చేతివ్రేళ్ల కణుపులు వాచుటకును ఏమైన సంబంధముండునా? ఈ రెండవ ప్రశ్న వినుటకే వింతగా నున్నది. దానిని వదలక పట్టుకొని సమాధానము వెదకినవాడు స్వీడను దేశపు నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్.

హెన్రిక్ శామ్యూల్ కొన్రాడ్ షోగ్రెన్ 1899వ సంవత్సరము జులై 23వ తేదీన షోపింగ్ అను చిన్న పట్టణమున జన్మించెను. అది మెలారెన్ అను పెద్ద సరస్సునకు పడమటి కొనయందున్న ఊరు. స్వీడిష్ భాషలో ఆ మాటకు వర్తకము జరుగు చోటని యర్థము. మన దేశమున పేట యని ముగియు ఊళ్లు ఎన్ని లేవు! ఆ ఊరి పేరు వ్రాయుట యొక తీరు, పలుకుట వేఱొక తీరు. ఆయన యింటిపేరు సంగతియు నంతే. నేడు ఆ పేరును ఉచ్చరింపని కంటివైద్యుడు గాని, కీళ్లవైద్యుడు గాని లేడు. అయినను ఒక్కొక్క దేశమువారు దానిని ఒక్కొక్క విధముగా పలుకుచుందురు.

పాఠశాల చదువు ముగించి ఆయన స్టాక్‌హోమ్ నగరము చేరి, కరోలిన్‌స్కా వైద్యవిద్యాలయమున ప్రవేశించెను. 1927లో వైద్యవృత్తి నవలంబించుటకు అర్హత సంపాదించెను. విద్యార్థి దశయందే మరియా హెల్‌గ్రెన్ అను సహాధ్యాయినితో ఆయనకు పరిచయము కలిగెను. ఆమె తండ్రి స్టాక్‌హోమ్‌లో పేరెన్నికగన్న కంటివైద్యుడు. హెన్రిక్ ఆమెను వివాహమాడెను. నేత్రవైద్యమునందు ఆయనకు ఆసక్తి కలుగుటకు ఈ సంబంధము కొంత కారణము.

ఆ నగరమున సెరాఫిమర్ అను పేరుగల వైద్యశాల యుండెను. 1752లో స్థాపింపబడిన ప్రాచీన సంస్థ అది. షోగ్రెన్ అచ్చట కంటిరోగులను చూచుచుండగా, 1930వ సంవత్సర ప్రాంతమున, ఒక స్త్రీ చికిత్సకు వచ్చెను. ఆమె కన్నులు ఎండిపోయియుండెను. నోటిలో తడి లేదు. అంతియే కాదు, ఆమెకు కీళ్లవాతము కూడ నుండెను.

కీళ్లవాతమనగా ముసలితనమున కీళ్లు అరిగి కలుగు నొప్పి కాదు. ఇది నడివయస్సుననే, ఒక్కొక్కప్పుడు నిండు యౌవనముననే పట్టుకొనును. పురుషులలో కంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికము. వ్రేళ్ల కణుపులును, మణికట్లును రెండు చేతులయందును ఒక్క తీరున వాచును. తెల్లవాఱి లేచిన పిమ్మట చాలసేపటివఱకు పిడికిలి బిగియదు. చెంబు పట్టుకొనుట, జడ వేసికొనుట, తాళము త్రిప్పుట వంటి చిన్న పనులే కొండలగును. వైద్యులు దీనిని రుమటాయిడ్ కీళ్లవాతమందురు.

ఇట్టి రోగి కంటివైద్యుని యొద్దకు పోయి కంటిబాధను మాత్రమే చెప్పుట సహజము. కంటివైద్యుడు కంటిని చూచి చుక్కలమందిచ్చి పంపుటయు సహజమే. ఎండిన నోటికి పండ్లవైద్యుడు, వాచిన కీళ్లకు మఱియొక వైద్యుడు ఉండనే యుందురు. మూడు బాధలకు మూడు ద్వారములు. షోగ్రెన్ అట్లు చేయలేదు. ఈ మూడును ఒక్క శరీరమున ఒక్కసారి చేరుట యాదృచ్ఛికమేనా యని ఆయనకు సందేహము కలిగెను. నాటినుండి ఎండిన కన్నులతో వచ్చిన ప్రతివారి నోటిని, కీళ్లను గూర్చియు విచారింప మొదలిడెను.

న్యాయముగా చెప్పవలసినచో, ఆయనకు ముందే ఈ రోగచిహ్నములను చూచినవారు లేకపోలేదు. జర్మనీలో లేబర్ అను నేత్రవైద్యుడు, ఎండిన కంటిపై జిగురు పోగులు వ్రేలాడుటను 1882లోనే వర్ణించియుండెను. 1888లో లండనున హాడెన్ అను వైద్యుడు నోరును, కన్నులును ఎండిన యొక స్త్రీని గూర్చి ప్రకటించెను. ఆ సంవత్సరముననే మికులిచ్ అను శస్త్రవైద్యుడు అశ్రుగ్రంథులును, లాలాజల గ్రంథులును వాచిన యొక రైతును గూర్చి చెప్పెను. 1925లో పారిస్ నగరమున గూజెరో అను చర్మవైద్యుడు ఇట్టి యెండుదల శరీరమున పలుచోట్ల కలుగునని గుర్తించెను. ఫ్రెంచివారు నేటికిని ఈ వ్యాధి పేరున ఆయన పేరును ముందు చేర్చి చెప్పుదురు. అట్లు చేయుటలో తప్పేమియు లేదు. అయితే వీరందఱు ఒకటి రెండు ఉదాహరణములను చూచి, ఆశ్చర్యపడి, వ్రాసి యూరకుండిరి. ఏనుగును తడవిన గ్రుడ్డివారి కథ మీకు తెలిసినదే.

షోగ్రెన్ తొందరపడలేదు. ఒక్క రోగితో తృప్తిపడక, అట్టివారి నొక్కొక్కరిని వెదకి సమకూర్చెను. అందఱిని ఒకే విధమైన పరీక్షలకు లోనుచేసెను. ఆ పరీక్షలు ఎంత తేలికయో చూడుడు. మొదటిది కాగితపు పరీక్ష. జర్మను వైద్యుడు షిర్మర్ 1903లో తెలిపిన పద్ధతి యిది. అయిదు మిల్లీమీటర్ల వెడల్పుగల సన్నని వడపోత కాగితపు ముక్క కొనను మడచి క్రిందిఱెప్ప లోపల తగిలింతురు. అయిదు నిమిషములు గడచిన పిమ్మట తీసి, ఎంతమేర తడిసినదో కొలుతురు. ఆరోగ్యముగల కంటియందు సాధారణముగ పదిహేను మిల్లీమీటర్లకు మించి తడియును. అయిదు మిల్లీమీటర్లయినను తడియకున్నచో అశ్రుగ్రంథి చాలవఱకు ఎండినదని యర్థము. కన్నీటిని కొలుచుటకు పేదవానికిని భారము కాని త్రాసు దొరకినదన్నమాట.

రెండవది రంగు పరీక్ష. రోజ్ బెంగాల్ అను ఎఱ్ఱని రంగు కలదు. దాని పేరున మన వంగదేశము చేరియున్నది. దానిని ఒక చుక్క కంటిలో వేసినచో, ఆరోగ్యముగల భాగమునకు రంగంటదు. తడి లేక చెడిన కణములు మాత్రము ఎఱ్ఱబాఱును. ఎండిన కన్నులలో ఱెప్పల నడుమ గాలి తగులు మేర, తెల్లగ్రుడ్డున నల్లగ్రుడ్డునకు ఇరువైపుల, ముక్కోణపు మచ్చలు కనబడును. పైకి చూచినచో ఎక్కువ యెఱుపు లేని కంటియందు ఎంత నష్టము దాగియున్నదో ఈ రంగు బయటపెట్టును. ఈ పరీక్షకు వైద్యలోకమున వ్యాప్తి కలిగించినవాడు షోగ్రెనే.

అంతటితో నిలువక, ఆయన గ్రంథులను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించెను. నీరూరవలసిన మెత్తని కణముల చోట గుండ్రని తెల్లకణములు గుంపులుగా చేరియుండెను. గ్రంథి క్రమముగా నశించి పీచుగా మాఱుచుండెను.

ఆ దినములలో కన్ను ఎండుట యనగానే వైద్యులకు మొదట తోచునది విటమిన్ ఏ లోపము. సరియైన తిండిలేని పిల్లలకు ఆ లోపమువలన కన్నులు ఎండి, మొదట రేచీకటియు తరువాత గ్రుడ్డితనమును కలుగుట మన దేశమువారికి చిరపరిచితమైన దుఃఖము. తాను చూచిన వ్యాధి అదికాదని షోగ్రెన్ స్పష్టపఱచెను. ఆ రెంటికి భేదము తెలియుటకై దీనికి కెరటో కంజంక్టివైటిస్ సిక్కా యని లాటిను పోలిక గల పేరు పెట్టెను. నల్లగ్రుడ్డుపైనున్న అద్దమువంటి పొరయు, తెల్లగ్రుడ్డుపైనున్న పొరయు తడిలేక చెడుట యని దాని భావము. పేరు పెద్దది. కాని ఆ పేరువలన ఆకుకూరలతోను, చేపనూనెతోను కుదురని వ్యాధికి వేఱొక మార్గము వెదుకవలెనని వైద్యులకు తెలిసినది.

1933లో ఆయన ఈ పరిశ్రమ నంతయు సిద్ధాంతవ్యాసముగా వ్రాసి కరోలిన్‌స్కా విద్యాలయమునకు సమర్పించెను. వ్యాసము జర్మను భాషయందున్నది. అందు వర్ణింపబడిన రోగులు పందొమ్మిదిమంది స్త్రీలు. వారిలో పదుమూడుగురికి కీళ్లవాతము కలదు. ఇది కంటికి మాత్రమే పట్టిన జాడ్యము కాదనియు, శరీరమంతట వ్యాపించిన యొక వ్యాధికి కన్ను ఒక కిటికీ వంటిదనియు ఆయన సారాంశము.

పరీక్షకులు వ్యాసమును త్రోసిపుచ్చలేదు, పట్టము లభించినది. కాని వారు దానికి పెద్ద విలువ కట్టలేదు. స్వీడనులో సిద్ధాంతవ్యాసమునకు ఉన్నతమైన శ్రేణి లభించినవారికే డోసెంట్ అను హోదా కలుగుచుండెను. విశ్వవిద్యాలయమున బోధించుటకు, పరిశోధన సాగించుటకు, పిమ్మట ఆచార్యుడగుటకు అదియే మొదటి మెట్టు. షోగ్రెన్ వ్యాసమునకు ఆ శ్రేణి రాలేదు. ఆయన వయస్సు అప్పటికి ముప్పదినాలుగేండ్లు. తలుపు మూయబడినది. నేడు ఆ వ్యాసము నేత్రవైద్య చరిత్రలో ముఖ్యమైనవానిలో ఒకటిగా ఎన్నబడుచున్నది. ఆనాటి పరీక్షకులను నిందించుట సులభమే. కాని కండ్లవైద్యుడు కీళ్లను గూర్చి మాటలాడుట ఆ కాలమున తన పొలిమేర దాటుటగా తోచియుండవచ్చును.

కొలది సంవత్సరములకు ఆయన రాజధానిని విడిచి యోన్‌షోపింగ్ అను పట్టణమునకు పోయెను. వెటెర్న్ సరస్సు దక్షిణ తీరముననున్న ఆ ఊరు అగ్గిపెట్టెల పరిశ్రమకు ప్రపంచప్రసిద్ధి గాంచినది. అచ్చటి వైద్యశాలలో కంటివిభాగమునకు అధిపతియై సుమారు మూడు దశాబ్దములు పనిచేసెను. శుక్లములు తీయుట, చూపు పరీక్షించుట, గాయములు కుట్టుట, ఇదియే దినచర్య. చెడిన కార్నియాను, అనగా నల్లగ్రుడ్డుపైనున్న పారదర్శకమైన పొరను, తీసివైచి ఇతరుల కంటినుండి గ్రహించిన పొరను అతుకు శస్త్రచికిత్స స్వీడను దేశమున క్రొత్తగా వచ్చుచున్న దినములవి. అందును ఆయన కృషిచేసెను. ఎండిన కన్నులవారిని పరీక్షించుట మానలేదు. వారిని గూర్చి వ్రాయుటయు మానలేదు. విద్యార్థులు లేరు, ప్రయోగశాల లేదు, పేరు లేదు. రోగులు మాత్రము ఉండిరి.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. స్వీడను తటస్థముగా నుండెను. జర్మను భాషలోని వైద్యగ్రంథము ఆంగ్లము మాటలాడు దేశములకు చేరుట దుర్లభమైన కాలము. అట్టి సమయమున భూగోళమునకు ఆవలివైపున, ఆస్ట్రేలియా దిగువనున్న టాస్మానియా ద్వీపమున, బ్రూస్ హామిల్టన్ అను నేత్రవైద్యుడు షోగ్రెన్ వ్యాసమును చదివి దాని విలువను గ్రహించెను. ఊరకుండక దానిని ఆంగ్లమునకు తర్జుమా చేసెను. 1943లో ఆ గ్రంథము సిడ్నీలో అచ్చుపడెను. శత్రువుల భాషలోనున్న గ్రంథమును యుద్ధము నడుమ, రోగులకు మేలు కలుగునని తలంచి, ఓర్పుతో తర్జుమా చేసిన ఈ హామిల్టన్ పేరును మఱచుట తగదు. స్వదేశపు విద్యాలయము మూసిన తలుపు ఈ విధముగా పదివేల మైళ్ల దూరమున తెఱవబడినది. ఆంగ్లదేశమున, అమెరికాయందు వైద్యులు తమ కీళ్లవాత రోగుల కన్నులను పరీక్షింప మొదలిడిరి. అందు చాలమంది కన్నులు నిజముగనే ఎండియుండెను. ఆ వ్యాధికి క్రమముగా షోగ్రెన్ పేరే స్థిరపడినది.

నాడు సూక్ష్మదర్శినిలో ఆయన చూచిన గుండ్రని కణముల రహస్యము తరువాతివారికి తెలిసినది. శరీరమున ప్రవేశించిన క్రిములను ఎదిరించుటకు రక్తమునందు తెల్లకణములు కావలి కాయుచుండును. కీళ్లవాతమున ఆ కావలివారే పొరబడి సొంత కీళ్ల లోపలి పొరను శత్రువని తలంచి దాడిచేయుదురు. కంచె చేను మేసినట్లగును. ఆ దాడి కీళ్లతోనే ఆగదు. అశ్రుగ్రంథిపై పడినచో కన్నీరు ఎండును. లాలాజల గ్రంథులపై పడినచో నోరు ఎండి, అన్నపు ముద్దకూడ నీరు త్రాగనిదే దిగదు. షోగ్రెన్ వ్యాధి కొందఱికి కీళ్లవాతముతో కలిసి వచ్చును. కొందఱికి కీళ్లవాతము లేకయే వచ్చును. కన్నులలో ఇసుక పోసినట్లు గరగరలాడును, వెలుతురు చూడలేరు, నిద్ర లేచునప్పుడు ఱెప్పలు అతుకుకొనియుండును. వ్యాధి ముదిరినవారిలో కొందఱు ఆప్తులు మరణించినను కన్నీరు కార్పలేరు. దుఃఖము లోపలనే నిలిచిపోవును. చూచువారు వారిని కఠినులని యపార్థము చేసికొనుటయు కలదు.

కీళ్లవాతమువలన కంటికి కలుగు మార్పులలో ఎండుటయే సర్వసాధారణము. దానికంటె అరుదైనవి, భయంకరమైనవి వేఱు కలవు. తెల్లగ్రుడ్డు ఎఱ్ఱబాఱి రాత్రులు నిద్రపట్టనంత నొప్పి కలుగవచ్చును. చిరకాలము వ్యాధిననుభవించిన కొందఱిలో తెల్లగ్రుడ్డు నొప్పి లేకుండగనే పలుచబడి, లోపలి నీలపు ఛాయ పైకి తెలియును. నొప్పి లేదుగదా యని యుపేక్షించినచో కన్ను పోవచ్చును. కార్నియా అంచున వ్రణమేర్పడి అది కరగిపోవుటయు కలదు. అట్టి సమయమున కంటికి మందు వేసినంత మాత్రమున చాలదు. శరీరమందలి వ్యాధినే అణచవలెను. షోగ్రెన్ చెప్పినదియు ఇదియే.

ఆయన వ్యాసము వ్రాసిన దినములలో అట్టి మందులు లేవు. కంటిని తడుపు చుక్కలు తప్ప గతిలేదు. 1948లో అమెరికా వైద్యుడు ఫిలిప్ హెంచ్ కీళ్లవాతమునకు కార్టిసోనును ప్రయోగించి చూపెను. అది అద్భుతముగ పనిచేసినది. కాని చిరకాలము వాడినచో అదియే కంటిలో శుక్లములను, నీటికాసులను కలిగించునని తరువాత తెలిసినది. మలేరియాకు వాడు మందులజాతిలోని హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడ కీళ్లవాతమునకు ఉపకరించును. దానిని ఏండ్లకొలది తీసికొనువారు నియమముగ కన్నులు పరీక్షింపించుకొనవలెను. నేడు ఈ వ్యాధికి ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. మన భీమవరమున 1895లో జన్మించి అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు నడపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల కోవకు చెందినదే యిది. ఎండిన కన్నులకు కృత్రిమమైన కన్నీటి చుక్కలు వచ్చినవి. ఉన్న కొద్దిపాటి కన్నీరు ముక్కులోనికి దిగిపోకుండ, మూలనున్న రంధ్రములకు గింజంత బిరడా బిగించు పద్ధతియు వచ్చినది. సన్నని కాల్వ తూమును మూసి చెఱువులో నీరు నిలుపుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే.

లోకము గుర్తించిన తరువాత స్వదేశము గుర్తించినది. 1957లో గోటెబొర్గ్ విశ్వవిద్యాలయము షోగ్రెన్‌ను డోసెంట్‌గా నియమించెను. వ్యాసము వ్రాసిన ఇరువదినాలుగేండ్లకు, ఏబదియెనిమిదవ యేట, మొదటి మెట్టు లభించినదన్నమాట. 1961లో స్వీడను ప్రభుత్వము ఆయనకు ఆచార్య బిరుదము నొసగెను. అమెరికాలోని కీళ్లవాత వైద్యసంఘము ఆయనను గౌరవసభ్యునిగా చేర్చుకొనెను. కంటివైద్యునికి కీళ్లవైద్యులు చేసిన గౌరవమది.

ఉద్యోగ విరమణానంతరము ఆయన స్వీడను దక్షిణ భాగముననున్న లుండ్ పట్టణమున నివసించెను. 1986 మే మాసమున డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో షోగ్రెన్ వ్యాధిని గూర్చి మొట్టమొదటి అంతర్జాతీయ సదస్సు జరిగెను. పలుదేశముల వైద్యులు చేరి, కండ్లు, నోరు, కీళ్లు, రక్తము అను భేదము లేక ఒక్కచోట చర్చించిరి. ఆ యేడు సెప్టెంబరు 17వ తేదీన హెన్రిక్ షోగ్రెన్ తన ఎనుబదియేడవ యేట లుండ్‌లో మరణించెను. ఆయన జన్మదినమైన జులై 23వ తేదీని ఈ వ్యాధిగ్రస్తులు తమ దినముగ పలుదేశములలో జరుపుకొనుచున్నారు. ఎండిన కన్నులు, వాచిన కీళ్లు గల యా స్త్రీ వచ్చిన సెరాఫిమర్ వైద్యశాల 1980లోనే మూతపడినది. షిర్మర్ కాగితపు ముక్క మాత్రము నేటికిని కంటి వైద్యశాలలలో, అదే వెడల్పుతో, అయిదు నిమిషముల గడువుతో, క్రిందిఱెప్పకు తగిలింపబడుచున్నది.